సమోష్ణరేఖలో ‘సమ’ అంటే ఏమిటి?

ప్రశ్న: సమశీతోష్ణ మండలంలో ‘సమ’ అంటే మితం కదా. మరి భూగోళ పాఠంలోని ‘సమోష్ణరేఖ’ మితమైన వేడి ఉన్న చోట్ల గీసే గీతేనా అండీ?

జవాబు: కాదండీ. సమ + ఉష్ణ, గుణసంధి. కానీ ఇక్కడ ‘సమ’ అంటే సమానం, ఒకే గాలిపీడనం ఉన్న చోట్లను కలిపే సమభార రేఖలో లాగే. ఒకే సగటు ఉష్ణోగ్రత ఉన్న చోట్లను కలిపే గీత ఇది. సున్నా డిగ్రీలదైనా సమోష్ణరేఖే.

దీనికి మూలమైన ‘ఐసోథర్మ్’ను 1817లో వాడుకలోకి తెచ్చింది అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. 1799–1804 మధ్య బారోమీటరు, థర్మామీటర్లు వెంటబెట్టుకుని అమెరికా ఖండాల్లో తిరిగిన అన్వేషకుడు. అప్పటిదాకా శీతోష్ణ మండలాలంటే అక్షాంశాల వెంట గీసిన పట్టీలే. కొలిచిన అంకెలు పెడితే గీతలు వంకర తిరిగాయి. కెనడా తూర్పు తీరంలో లాబ్రడార్‌లోని నైన్, స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరో రెండూ 56వ అక్షాంశం దగ్గరివే. ఎడిన్‌బరో ఏడాది సగటు 9 డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, నైన్‌ది సున్నాకు దిగువనే. సముద్ర ప్రవాహాలు, గాలులు చేసే పని ఒక్క గీతలో బయటపడింది. ఎంత గొప్ప ఊహ!

మరొకరు: గీసే తీరు కూడా చెప్పుకోవాలి. ముందు రోజు సగటు. మన్‌హైమ్ పద్ధతిలో ఉదయం 7, మధ్యాహ్నం 2, రాత్రి 9 గంటల రీడింగులు తీసుకుని, రాత్రిదాన్ని రెండుసార్లు కలిపి 4తో భాగిస్తారు. పగటి రీడింగులే ఉంటే సగటు ఎక్కువ చూపిస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ చల్లబడుతుంది కాబట్టి, తర్వాత ఎత్తు ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున కలిపి సముద్రమట్టానికి దింపాలి. 24, 28 డిగ్రీల వాతావరణ కేంద్రాల మధ్య 25 గీత, 24 వైపు నుంచి పావు దూరంలో పోతుంది.

చిక్కంతా పీఠభూములతోనే. ఈక్వడార్ రాజధాని క్విటో ఎత్తు సుమారు 2850 మీటర్లు, సగటు సుమారు 14 డిగ్రీలు. 18.5 కలిపితే 32.5. కానీ అదే దేశంలో తీరాన ఉన్న గ్వాయకిల్‌లోనే 26 దరిదాపు! ఎత్తైన నేల తన మీది గాలిని తానే వేడెక్కిస్తుంది కాబట్టి ఆ దిద్దుబాటు అతి అవుతుంది.

ప్రశ్న: భూతాపం లెక్కల్లోనూ ఇదే చిక్కు వస్తుందా?

జవాబు: అందుకే అక్కడ ఏ కేంద్రానికి ఆ కేంద్రం సొంత సగటు, ఉదాహరణకు 1961–1990 సగటు, తీసుకుని దాన్నుంచి తేడానే లెక్కిస్తారు. ఎత్తు దిద్దుబాటు అవసరమే రాదు. అయితే కేంద్రాన్ని మధ్యలో వేరే చోటికి మారిస్తే దొంగ మార్పు కనిపిస్తుంది, దాన్ని విడిగా సరిచేయాలి. ఇంకో మాట: అడవులు నరకడంతో పాటు పరిశ్రమల నుంచి వెలువడే ఆవిరి, వాయువులు కూడా శీతోష్ణస్థితిని మారుస్తాయని హంబోల్ట్ 1843లోనే రాశాడు.