మునగ చెట్టు నిండా గొంగళి పురుగులు. కొట్టేయాల్సిందేనా?

ప్రశ్న: మాది తణుకు. వానలు పడ్డాక పెరట్లో మునగ మొదలు మీద గొంగళి పురుగులు గుంపుగా అతుక్కున్నాయి. ముందు బూజు అనుకున్నా. పగలు కదలవు, తెల్లారేసరికి కొమ్మకి ఈనెలే మిగులుతున్నాయి. మా అత్తయ్యగారు ముగ్గు వేస్తుంటే ఒకటి మెడ మీద పడింది. రెండు రోజులు దద్దుర్లు. ఇక చెట్టు కొట్టించేయమంటున్నారు. ఆకు పప్పులోకి, కాయలు సాంబారులోకి ఇదే చెట్టువి. అందుకే మందు కొట్టాలంటే భయం.

జవాబు 1: కొట్టించకండి. పగలు అన్నీ ఒకచోటే ఉంటాయి కాబట్టి పని తేలిక. కర్రకి గుడ్డ చుట్టి, కిరసనాయిలులో ముంచి కాగడా పెట్టండి. మా నాన్నగారు అదే చేసేవారు.

జవాబు 2: కాగడా వద్దండీ! మా చెట్టుకి బెరడు కమిలి ఒక పక్కంతా ఎండిపోయింది. పొడుగు చీపురుతో సబ్బు నీళ్ల బకెట్లోకి దులపండి. నిండు చేతుల చొక్కా వేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. గాలికి ఎదురుగా నిలబడొద్దు, నూగు ఎగిరి కళ్లలో పడుతుంది. వేప నూనె అయితే లీటరు నీళ్లకి 5 మి.లీ., కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం కొట్టాలి. కానీ అది పిల్ల పురుగులకే. బాగా ఎదిగినవి లెక్కచేయవు.

జవాబు 3: దద్దుర్లు గోకనివ్వకండి. సెల్లోటేపు అతికించి పీకితే నూగు వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో కడగండి.

అడిగినవారు: నిన్న మధ్యాహ్నం దులిపేశాం. సగం బకెట్ పురుగులు! అత్తయ్యగారు వంటింటి కిటికీలోంచే ఆర్డర్లు వేశారు. చెట్టు మాట మళ్లీ ఎత్తలేదు.