లోడ్ పెరగగానే 19.5 వోల్టుల అడాప్టర్ ఆగి ఆగి వెలుగుతోంది: ముందు ఏ భాగం మార్చాలి?

65 వాట్ల ల్యాప్‌టాప్ అడాప్టర్ (19.5 వోల్టులు, 3.34 ఆంపియర్లు). లోడ్ లేకపోతే 19.5 స్థిరంగా ఉంటుంది. 22 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినా, అంటే సుమారు 0.9 ఆంపియర్లు లాగినా నిలుస్తోంది. 10 ఓమ్‌లు, 50 వాట్లది పెడితే మాత్రం ఎల్‌ఈడీ టపటపా కొట్టుకుంటూ వోల్టేజీ పడి లేస్తోంది. ల్యాప్‌టాప్‌కి పెట్టినా ఇదే తీరు.

వైరులో లోపం కాదు. దాన్ని కోసేసి నేరుగా బోర్డు మీదే కొలిచాను. ఇన్‌పుట్ వైపు పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు డీసీ ఉంది, 22 ఓమ్‌ల లోడ్‌తో 310 కన్నా కిందికి పోలేదు. అవుట్‌పుట్‌ని డీసీగా మార్చే షాట్‌కీ డయోడ్ షార్ట్ కాలేదు. అవుట్‌పుట్ వైపున్న 680 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్లు రెండూ ఉబ్బలేదు, కానీ ఉబ్బకపోయినా లోపల ఎండి ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి నిరోధం) పెరిగి ఉండొచ్చు. నా అనుమానం మొదట వాటి మీదే, తర్వాత మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) సోర్స్ కాలు దగ్గరున్న కరెంట్ సెన్స్ రెసిస్టర్ (కరెంట్ ఎంతో ఐసీకి తెలిపేది) మీద. దాని విలువ కొంచెం పెరిగినా అడాప్టర్‌ని నడిపే కంట్రోల్ ఐసీ ఓవర్‌లోడ్ అనుకుని ఆపేస్తుంది.

ఈఎస్‌ఆర్ మీటర్ లేదు. మంచి కెపాసిటర్‌ని పాతదానికి సమాంతరంగా తగిలించి చూస్తే తేలుతుందా? ఒక ఓమ్ కన్నా తక్కువున్న సెన్స్ రెసిస్టర్‌ని విప్పి, 1 ఆంపియర్ పంపి మిల్లీవోల్టులు కొలిస్తే నమ్మొచ్చా? ఇలాంటివి బాగుచేసినవాళ్లు దయచేసి చెప్పండి.