‘ట్రాపుబండి’ ఎందుకు కాలేదు?

ప్రశ్న: సరసము, మాట కలిస్తే సరసపుమాట. గుర్రము, బండి కలిస్తే గుర్రపుబండి. ఇలా ‘ము’ పోయి ‘పు’ రావడాన్ని పుంప్వాదేశమని బడిలో చదివాం. మద్రాసు వీధుల్లో పట్టాల మీద తిరిగిన ట్రామును మాత్రం ‘ట్రాంబండి’ అంటారు, ‘ట్రాపుబండి’ అనరు. బయటి మాటకు సూత్రం వర్తించదని సరిపెట్టుకోవాలా?

జవాబు: అక్కరలేదండీ. ఆ సూత్రం ప్రత్యయంగా చేరిన ‘ము’కు. ‘గుర్రము’లో అసలు మాట గుర్ర. ‘పాము’లో ము మాటలోదే, అందుకే పాముపుట్ట అంటాం, ‘పాపుపుట్ట’ అనం. ట్రాము కూడా పాము జాతే. ఇంగ్లీషులో పొల్లు మకారంతో (‘మ్’తో) ముగిసిన మాటకు మనం ఉకారం తగిలించి అజంతం, అంటే అచ్చుతో ముగిసే మాట, చేసుకున్నాం. కావాలంటే బహువచనం, విభక్తి చూడండి: గుర్రాలు, గుర్రానికి, కానీ పాములు, పాముకు. ట్రాములు, ట్రాముకు అన్నవాళ్లు ఏ వ్యాకరణమూ తిరగేయకుండానే దాన్ని సరైన గుంపులో కలిపేశారు. రైలు ఇంకా ముందుకు వెళ్లి, వేలు–వేళ్లు వరుసలో ‘రైళ్లు’ అయింది.

ఈ సూత్రం చెప్పిన చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చిన నాటికి చెన్నపట్నంలో ట్రాము లేదు. ఆయన చూసి ఉంటే ఏమనేవారో!

మరొకరు: ఒక సవరణ. గుర్రపుబండి (గుర్రం లాగే బండి) తత్పురుష సమాసం, సూత్రం చెప్పింది సరసపుమాట (సరసమైన మాట) లాంటి కర్మధారయానికి. వాడుక దాన్ని ఇటు లాక్కొచ్చింది. ఇంకో సందేహం: ట్రాము అంటేనే బండి కదా, మళ్లీ బండి దేనికి? తమిళుల ‘ట్రాం వండి’ని చూసి పెట్టుకున్నామా?

జవాబు: సవరణ సరైనదే. ఇక బండి సంగతి. గోదావరి నది అన్నట్టే ఇదీ సంభావనా పూర్వపద కర్మధారయం, అంటే మొదటి మాట పేరు, రెండోది అదేమిటో చెప్పే మాట. మద్రాసు మొహం చూడని పల్లెల్లోనూ రైలుబండి అన్నారు కాబట్టి తమిళం నుంచి అరువు తేవలసిన అవసరం కనిపించదు.

పైగా ఆ రోజుల్లో బండి అంటే లాగేందుకు ఎద్దో గుర్రమో ఉండాలి. 1895 మే 7న మద్రాసులో కరెంటు ట్రాము మొదలైంది, దేశంలో అదే మొదటిది. దాని ముందు ఏ జంతువూ లేదు, పైన తీగ కూడా లేదు, కాబట్టి ఇదీ బండేనని చెప్పుకోవలసి వచ్చింది. పట్టాల నడుమ నేలలో తవ్విన సందులోంచి కరెంటు అందేది. వాన నీరు ఆ సందులో నిండితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తర్వాత స్తంభాలు నాటి తీగలు కట్టారు. మౌంట్ రోడ్డు, ప్యారీస్ కార్నర్, తంగసాల (మింట్ వీధి) వైపు తెలుగువారి రాకపోకలకు అదే దిక్కు. ఇంతగా వాడితేనే మాటకు ఉకారమూ విభక్తులూ అతుక్కుంటాయని నా అభిప్రాయం.

బస్సుల పోటీ, కంపెనీ నష్టాలు కలిసి 1953 ఏప్రిల్ 12న దాన్ని ఆపేశాయి. ఆ అక్టోబరు ఒకటిన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు చేరింది. రాష్ట్రం లోపలి తెలుగువారికి మద్రాసూ ట్రామూ ఒకే ఏడాది దూరమయ్యాయి.

ఇప్పుడు కోల్‌కతా వార్తల్లో పత్రికలు ‘ట్రామ్’ అని పొల్లుతో రాస్తున్నాయి, ‘ట్రామ్‌లు’ అంటున్నాయి. చదివి తెలుసుకున్న మాట అలాగే ఉంటుంది. ఎక్కి దిగినవాళ్ల మాట ట్రాములు. నేనైతే రెండోదే రాస్తాను.