గాల్జీలో జీడీపీ (గ్వానోసిన్ డైఫాస్ఫేట్) పేరుకుపోవడమా, జీఎంపీ (గ్వానోసిన్ మోనోఫాస్ఫేట్) కొరతా? దయచేసి చెప్పగలరు

నమస్కారం. విశాఖపట్నంలో బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ చదువుతూ, ప్రోటీన్ల గ్లైకోసైలేషన్‌లో (చక్కెరలు చేర్చే ప్రక్రియలో) న్యూక్లియోటైడ్లను జలవిశ్లేషణ చేసే ఎంజైముల గురించి ప్రాజెక్టు రాస్తున్నాను. ఈస్ట్‌లో, జీడీపీని జీఎంపీగా మార్చే ఎంజైమును ఇచ్చే జీడీఏ1 జన్యువును తొలగిస్తే, కణంలోని గాల్జీ అనే భాగంలో ప్రోటీన్లకు మానోజ్ అనే చక్కెర చేర్పు తగ్గుతుంది. దీనికి రెండు కారణాలు ఉండొచ్చు. జీడీపీ-మానోజ్ తన మానోజ్‌ను అందించాక మిగిలే జీడీపీ, ఆ చక్కెరను చేర్చే ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైమును నిరోధిస్తుంది. అంతేకాక, అది జీఎంపీగా మారకపోతే, జీఎంపీని బయటికి పంపి జీడీపీ-మానోజ్‌ను లోపలికి తెచ్చే రవాణా ప్రోటీన్‌కు మారకం దొరకదు. నా దృష్టిలో రెండోదే బలమైన కారణం, కానీ దాన్ని నిరూపించాలి.

ఈ రెండింటినీ విడదీయడానికి, జీఎంపీని ముందే నింపిన గాల్జీ వెసికిళ్లలో (చిన్న పొర సంచుల్లో) రవాణానూ, డిటర్జెంట్‌తో పొర తెరిచాక ట్రాన్స్‌ఫరేజ్ చర్యనూ వేర్వేరుగా కొలిస్తే సరిపోతుందా? విడుదలైన ఫాస్ఫేట్‌ను రంగుతో కొలిచే మాలకైట్ గ్రీన్ పద్ధతిలో బఫర్‌లోని ఫాస్ఫేట్ కూడా ఆకుపచ్చ రంగునిస్తుంది కనుక ఫాస్ఫేట్ లేని ట్రిస్ బఫర్ వాడాలనుకుంటున్నాను. ఈ పని స్వయంగా చేసినవారు, ముఖ్యంగా ఏ కంట్రోళ్లు తప్పనిసరో, దయచేసి వివరించగలరు.