నీళ్ళు కూడా ఆక్సీకరణం చెందుతాయా? పదో తరగతి పిల్లాడికి ఏం చెప్పాలి?

ప్రశ్న (హైస్కూలు బీఎస్, అంటే జీవశాస్త్రం టీచర్):
మా పీఎస్ (భౌతిక రసాయన శాస్త్రాల) సార్ డెప్యుటేషన్ మీద వెళ్ళడంతో రసాయన చర్యల పాఠం కూడా నాకే తగిలింది. ఆక్సిజన్ చేరితే ఆక్సీకరణం, పోతే క్షయకరణం అని బోర్డు మీద రాశానో లేదో, వెనక బెంచీ అబ్బాయి లేచాడు. "మేడం, ఆకులో నీళ్ళు విడిపోయి ఆక్సిజన్ బయటికి పోతుందని మొన్న మీరే చెప్పారు. అంటే నీళ్ళు క్షయకరణం చెందినట్టేనా?" నా డిగ్రీ నోట్సులో చూస్తే 'నీటి ఆక్సీకరణం' అనే ఉంది! రేపు చెబుతా కూర్చోమన్నాను. ఎవరైనా గట్టెక్కించండి. అలాగే వంకాయ నల్లబడటం క్లాసులో చూపిద్దామనుకుంటున్నా, కుదురుతుందా?

జవాబు 1:
హైడ్రోజన్ పోయినా ఆక్సీకరణమే మేడం. నీటికి హైడ్రోజన్ పోయింది కాబట్టి ఆక్సీకరణం. అంతే, సరిపోతుంది.

జవాబు 2 (రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్):
సరిపోదు సార్. ఆక్సిజనూ పోయింది కదా, ఏది లెక్కలోకి తీసుకోవాలని ఆ పిల్లాడు అడుగుతాడు. అడగాలి కూడా.

అమ్మా, ఆక్సీకరణం అనే ఈ పేరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ రోజులది, 18వ శతాబ్దపుది. ఎలక్ట్రాన్ సంగతి బయటపడింది 1897లో. అందుకే పేరు ఆక్సిజన్‌దీ, అసలు వ్యవహారం ఎలక్ట్రాన్లదీ అయింది. ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నది ఆక్సీకరణం చెందుతుంది, పుచ్చుకున్నది క్షయకరణం చెందుతుంది. నేను దీన్ని కిరాణా కొట్టు పద్దులా చెప్పేవాణ్ణి. ఒకరి ఖాతాలో తగ్గకుండా ఇంకొకరి ఖాతాలో పెరగదు.

ఇప్పుడు నీటి పద్దు చూడండి. పరమాణువు ఖాతాలో ఎలక్ట్రాన్ల లెక్క చూపే అంకెని ఆక్సీకరణ సంఖ్య అంటాం, ఎలక్ట్రాన్లు పోతే అది పెరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఆక్సీకరణ సంఖ్య –2. వాయువుగా బయటపడేసరికి 0. హైడ్రోజన్ అప్పుడూ +1, ఇప్పుడూ +1, దానికేమీ కాలేదు. అంటే ఆక్సీకరణం చెందింది సాక్షాత్తూ ఆక్సిజనే! ఈ ముక్క బోర్డు మీద పెద్దక్షరాలతో రాయండి, క్లాసు నిద్ర లేస్తుంది. రెండు నీటి అణువులు నాలుగు ఎలక్ట్రాన్లు వదులుకుంటేనే ఒక ఆక్సిజన్ అణువు వస్తుంది. ఆకులో వాటిని లాగేది నాలుగు మాంగనీసు, ఒక కాల్షియం పరమాణువులున్న చిన్న గుంపు. వెలుతురు తగిలినప్పుడల్లా ఒక్కొక్కటిగా లాగుతుంది. అవి చేతులు మారి మారి చివరికి కార్బన్ డయాక్సైడ్‌లోని కార్బన్‌కి చేరతాయి, అది చక్కెర అవుతుంది. బయటికొచ్చే ఆక్సిజన్ నీటిదే, కార్బన్ డయాక్సైడ్‌ది కాదని 1941లో రూబెన్, కామెన్ అనే శాస్త్రవేత్తలు ఆక్సిజన్-18తో (మామూలు దానికంటే బరువైన ఆక్సిజన్‌తో) చూపించారు.

జవాబు 3 (వంట మాట నేను చెబుతా):
వంకాయ బాగా కుదురుతుంది మేడం, కానీ నాలా చేయకండి. నేను పొద్దున్నే ఇంట్లో కోసి డబ్బాలో పట్టుకెళ్ళా. మూడో పీరియడ్‌కి మూత తీస్తే అన్నీ నల్లబడి ఉన్నాయి, చూపించడానికి ఏం మిగల్లేదు. క్లాసులోనే కోయండి. ఇనప కత్తిపీట వద్దు, ఇనుము తగిలి కూడా ముక్కలు నల్లబడతాయి, ఏది దేనివల్లో తేలదు. స్టీలు చాకు వాడండి. కొన్ని ముక్కలు గాలికి వదిలేయండి, కొన్నిటికి నిమ్మరసం పట్టించండి, ఇంకొన్నిటిని కోసిన వెంటనే సలసల మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ఉంచి తీయండి. పావుగంటలో తేడా తెలుస్తుంది.

కణంలో ఫినాల్ పదార్థాలు ఒక గదిలో, ఎంజైము వేరే చోట ఉంటాయి. చాకు పడగానే రెండూ కలుస్తాయి. ఫినాల్స్ ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని క్వినోన్లుగా మారి, ఒకదానికొకటి అతుక్కుని నలుపెక్కుతాయి. కనరెక్కకుండా అమ్మ ముక్కల్ని ఉప్పునీళ్ళలోనో మజ్జిగలోనో వేసేది అందుకే. నిమ్మ పులుపుకి ఎంజైము మందగిస్తుంది, పైగా విటమిన్ సి ఆ క్వినోన్లకి ఎలక్ట్రాన్లు తిరిగిస్తుంది. ఉడికితే ఎంజైమే చచ్చిపోతుంది.

జవాబు 2 మళ్ళీ:
భేష్. ఒక్కటి కలుపుతా. వంకాయలో ఆ ఎలక్ట్రాన్లు పుచ్చుకునేది గాలిలోని ఆక్సిజన్, పుచ్చుకుని నీరవుతుంది. ఆకు నీటి నుంచి ఆక్సిజన్ తీస్తే, కోసిన వంకాయ ఆక్సిజన్ని మళ్ళీ నీరు చేస్తోంది. మీ బీఎస్ పాఠానికి ఇంతకంటే మంచి జత దొరకదు.

జవాబు 4 (గాలి కాలుష్యం మీద పనిచేస్తాను):
ఆకాశం సంగతి కూడా చెప్పండి మేడం. నీళ్ళు నిలిచిన వరి మడిలో, ఆక్సిజన్ అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉన్నా నిప్పు తగలందే అది మీథేన్ జోలికి పోదు. ఆ పని చేసేది హైడ్రాక్సిల్ రాడికల్, అంటే ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన ముక్క (OH). జంట లేని ఎలక్ట్రాన్ ఒకటి ఉండటంతో దేన్ని పడితే దాన్ని పట్టుకుంటుంది. ఎండలోని అతినీలలోహిత కాంతి ఓజోన్‌ని చీలిస్తే వచ్చే ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని ఢీకొంటే ఇది పుడుతుంది. మహా అయితే ఒక సెకను బతుకుతుంది. పగటిపూట ఘన సెంటీమీటరు గాలిలో ఇవి పది లక్షల లెక్కన ఉంటే, ఆక్సిజన్ అణువులు సుమారు 50 వేల కోట్ల కోట్లు. అయినా మీథేన్‌ని సుమారు పదేళ్ళలో తొలగించేది ముఖ్యంగా ఇదే. ఎండా తేమా రెండూ దండిగా ఉన్న మనలాంటి ఉష్ణమండలంలో దీని జోరెక్కువ. పద్దు మామూలే: మీథేన్‌లో కార్బన్ –4, కార్బన్ డయాక్సైడ్ అయ్యేసరికి +4. ఎనిమిది ఎలక్ట్రాన్లు పోయాయి.

ప్రశ్న అడిగిన టీచర్:
అందరికీ ధన్యవాదాలు. ఈరోజు వంకాయ హిట్. 'ఆక్సిజనే ఆక్సీకరణం చెందింది' అనగానే క్లాసంతా గోల. ఆ అబ్బాయి మాత్రం వదల్లేదు: "రాగి చెంబు మీద చిలుము చింతపండుతో పోతుంది కదా, అది క్షయకరణమా?" అవునని చెప్పేశాను.

జవాబు 2:
అయ్యో, కాదమ్మా! పచ్చటి చిలుములో రాగి +2, పులుపులో కరిగాకా +2. ఎలక్ట్రాన్ కదల్లేదు, అది ఆమ్లం పని. రేపు వెళ్ళగానే దిద్దేయండి. ఇంతకీ ఆమ్లాలు–క్షారాల పాఠం కూడా మీకే తగిలిందా?