మధుపంబు వోవునే… మదనం అంటే ఉమ్మెత్తేనా?

మా అమ్మాయి ఒహైయో నుంచి ఫోటో పంపింది, ఇంటి వెనక అడవి నిండా ఒకటే పొద, కణుపు దగ్గర పూలు జంటజంటగా, తెల్లగా విచ్చి పసుపులోకి దిగుతున్నాయి, కొమ్మ విరిస్తే లోపల గుల్ల. ఆమూర్ హనీసకుల్ అట, తోటల కోసం తెచ్చుకుంటే పిట్టలు పండ్లు తిని అడవికెక్కించాయి. తెలుగులో ఏమంటారమ్మా అంది. పేరు తట్టలేదు గానీ పొద్దున్నుంచి పోతన గారి ప్రహ్లాదుడి పద్యం, ‘మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు బోవునే మదనములకు’, నోట్లో తిరుగుతోంది. మందార తేనె మరిగిన తుమ్మెద మదనాలకు పోతుందా అని. బళ్ళో మదనం అంటే ఉమ్మెత్త అనే చెప్పారు. అదేనా?

— ముందు అది ‘వోవునే’ అండీ. ప్రథమ మీది పరుషానికి గసడదవలు, అంటే ‘పోవునే’లో ‘ప’ ఇక్కడ ‘వ’ అవుతుంది.

— పాడేటప్పుడు మా ఇంట్లో అందరం బోవునే అనే అంటాం సార్, తాతగారి దగ్గర్నుంచీ.

— అమరంలో, అదే పాత సంస్కృత నిఘంటువు అమరకోశంలో, చెట్ల పేర్లలో మదన శబ్దం రెండు చోట్ల ఉంది, ఉమ్మెత్త పేర్లలో ఒకసారి, మంగ చెట్టు పేర్లలో ఒకసారి. నేనైతే మంగ అనే అంట. అదే పద్యంల కోయిల కుటజాలకు పోదంటడు గదా, కుటజం అంటే కొడిసె, అడవి చెట్టు, మంగ కూడా అంతే. అనంతగిరి గుట్టల్ల చూసిన, ముండ్ల కొమ్మకు తెల్లటి పూలు, వాడేముందు పసుపెక్కుతయ్, మంచి వాసన.

— అంత వాసన ఉంటే తుమ్మెద ఎందుకు పోదు అన్నా?

— వాసన ఉన్నా పోదు అంటేనే గదా భక్తి!

— పద్యం చివర తేటగీతిలో, హరి పాదాల చింతన గురించి, ‘పాన విశేష మత్త చిత్తము’ అన్నాడు చూడండి. ఉమ్మెత్త, మత్తెక్కించే పువ్వుని మొదటి పాదంలోనే కాదని, అసలు మత్తు ఎక్కడుందో చివర్లో చెప్పాడు. మంగ అంటే ఆ రెండిటికీ ముడి తెగిపోతుంది, నేను ఒప్పుకోను.

— యతి కూడా చూడాలి కదా మేష్టారూ, మధుపంబులో ‘మ’కి మూడో గణం మొదట మళ్ళీ ‘మ’ కావాలి, ఉమ్మెత్తకి ఇంకో పేరు ధత్తూరం అక్కడ పడదు.

— యతి కోసం మాట వెతుక్కునే కవి కాదమ్మా ఆయన. మందార, మకరంద, మాధుర్య, మధుప, మదన, ఒక్కసారి పైకి చదవండి, నాకైతే తుమ్మెద చెవి పక్కనే తిరుగుతున్నట్టుంటుంది.

— మరి మా అమ్మాయికి ఏం చెప్పను? రాధామనోహరం అనొచ్చా?

— అది తీగ అక్కా, తెల్లగా పూసి ఎర్రబడుతుంది. ఇది పొద, పసుపెక్కుతోంది అంటున్నారుగా.

— అసలు మందారం ఏది? మన పెరట్లో ఎర్రగా పూసేదా, అమరం చెప్పిన దేవతరువా? అది తేలకుండా మదనం ఎట్లా తేలుతుంది?