ఎస్3 సంతకం: తెలుగు ఫైల్ పేర్ల దగ్గర ఎదురైన చిక్కులు

గోదావరిగట్టు:
కైఫియత్తుల (పాత గ్రామ చరిత్రల) స్కాన్‌లను అమెజాన్ వారి ఆన్‌లైన్ నిల్వ సేవ ఎస్3లో, హైదరాబాద్ రీజియన్ బకెట్‌లో (ఫైళ్లుంచే అరలో) భద్రపరుస్తున్నాను. లైబ్రరీ వాడకుండా ప్రతి అభ్యర్థననూ సీక్రెట్ కీతో ధ్రువీకరించే సంతకపు (సిగ్నేచర్ వెర్షన్ 4) కోడ్‌ను పైథాన్‌లో నేనే రాశాను. ఇంగ్లీషు పేర్లున్న ఫైళ్లన్నీ సక్రమంగా వస్తున్నాయి గాని, ‘కైఫియత్ 12’ వంటి పేరు తగిలితే చాలు, సంతకం సరిపోలలేదంటూ 403 (అనుమతి నిరాకరణ) ఎర్రర్ వస్తోంది. సీక్రెట్ కీని నాలుగుసార్లు సరిచూశాను. ఇటువంటి అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.

పాతకోడు:
కీ తప్పయితే ఇంగ్లీషు పేర్లు కూడా ఆగిపోయేవి కాబట్టి, లోపం ఎన్‌కోడింగ్‌లోనే (పేరును యూఆర్‌ఎల్‌లో పట్టే గుర్తులుగా మార్చడంలోనే) ఉందండీ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (అక్షరానికో, గుణింతపు గుర్తుకో యూనికోడ్ ఇచ్చే సంఖ్యకు) 3 బైట్లు పడతాయి. బైటుకొక శాతం గుర్తు, రెండు హెక్స్ అంకెల చొప్పున రాస్తే క, ఐత్వం కలిసిన ‘కై’ ఒక్కటే 18 క్యారెక్టర్లవుతుంది. ఖాళీని ప్లస్‌గా కాక, శాతం గుర్తు పెట్టి 20గా రాయాలి. అంతకన్నా ముఖ్యమైనది మరొకటుంది: ఏడబ్ల్యూఎస్‌లోని (అమెజాన్ క్లౌడ్‌లోని) ఇతర సేవలకు పాత్‌ను (చిరునామాలో ఫైలు పేరుండే భాగాన్ని) రెండుసార్లు ఎన్‌కోడ్ చేస్తారు, ఎస్3కి మాత్రం ఒక్కసారే చేయాలి. వేరే సేవ కోసం రాసిన కోడ్‌ను తెచ్చుకుంటే, శాతం గుర్తే మళ్లీ ఎన్‌కోడ్ అయి దాని వెనుక 25 చేరుతుంది. ఊహతో వెతకనక్కరలేదు, ఆ 403తో వచ్చే ఎక్స్‌ఎంఎల్‌లో సర్వర్ తాను కట్టుకున్న కెనానికల్ రిక్వెస్ట్‌ను (సంతకానికి ఆధారమైన అభ్యర్థన పాఠాన్ని) చూపిస్తుంది, దాన్ని మీ దానితో వరుసవారీగా పోల్చండి.

గోదావరిగట్టు:
మీరన్నట్టే నా దాంట్లో రెండో వరుస నిండా 25లు కనిపించాయి, సరిచేశాను, కృతజ్ఞతలు. అయితే ఒక ఫైలు మాత్రం ఇప్పుడు 404 (ఫైలు లేదు) అంటోంది, కన్సోల్‌లో చూస్తే అదే పేరు కళ్లెదుటే ఉంది.

కృష్ణాతీరం:
ఐత్వాన్ని పరిశీలించండి. యూనికోడ్‌లో దాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గానూ రాయవచ్చు, ఎత్వమూ కింది గుర్తూ విడివిడిగానూ రాయవచ్చు. తెరపై రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి గాని ఎస్3కి అవి రెండు వేర్వేరు పేర్లు. పాత మ్యాక్ డిస్క్ నుంచి ఎక్కించిన ఫైళ్లతో మేమూ ఇలాగే రెండు రోజులు తంటాలు పడ్డాం. ఎక్కించేటప్పుడూ తెచ్చుకునేటప్పుడూ పేరును ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (విడి గుర్తులను ఒకే కోడ్‌పాయింట్‌గా కలిపే యూనికోడ్ రూపంలోకి) మార్చండి.

పాతకోడు:
ఐత్వం సంగతి పైథాన్ కోసం ఏడబ్ల్యూఎస్ ఇచ్చే లైబ్రరీ బోటో3 కూడా చూసుకోదు. అయినా సంతకం పని దానికే అప్పగించమంటాను, రీజియన్ పేరూ ‘ఎస్3వీ4’ సెట్టింగూ తప్పక ఇవ్వండి. ప్రీసైన్డ్ లింకు (కీ లేనివారూ ఫైలు తెరవగలిగేలా ముందే సంతకం చేసిన లింకు) గడువు గరిష్ఠంగా 7 రోజులు, అంటే 604800 సెకన్లు. కాని తాత్కాలిక క్రెడెన్షియల్స్‌తో (కొద్దిసేపే చెల్లే కీలతో) సంతకం చేస్తే, వాటి గడువు తీరగానే లింకూ ఆగిపోతుంది. మూడు రోజులు ఉండాలని నేనిచ్చిన లింకులు అలాగే గంటకే పనిచేయడం మానేశాయి.

గోదావరిగట్టు:
ఎన్‌ఎఫ్‌సీలోకి మార్చి తిరిగి ఎక్కించాక ఫైలు తెరుచుకుంది. ఎస్3 సాధారణ బకెట్‌లో పేరు మార్చడమంటే కాపీ చేసి పాతదాన్ని తొలగించడమే గనుక, మిగిలిన వాటిని కాపీలు సరిచూసుకున్న తర్వాతే తొలగిస్తాను.